పన్నెండు దగ్గర నిలిచిన ముల్లు

చార్జర్ చచ్చిపోయిందని శిల్పశ్రీకి ఉదయం ఎనిమిదింటికి తెలిసింది. సాయంత్రం ఐదున్నరకి బండి కదలాలి.

మళ్లీ స్విచ్ వేసి చూసింది. పచ్చ లైటు వెలగలేదు. డబ్బా మీద తట్టింది. మూత సందులో ముక్కు పెట్టి వాసన పీల్చింది. కాలిన వాసన.

"పోయింది," అంది.

"పోయిందంటే? బాగు చేస్తావు కద?" అంది షెడ్డు గుమ్మంలో నిలబడ్డ నరసక్క.

"కాలిపోయిందత్తా. బెంగళూరు నుంచి కొత్తది తెప్పించాలంటే రెండు రోజులు."

నరసక్క గడప మీద కూలబడింది. కర్ణాటక అంచున తెలుగు మాట్లాడే ఊరు బలసముద్రం. అక్కడి మహిళా సంఘానికి లీడర్ ఆమె. సంఘంలో పన్నెండు మంది ఆడవాళ్లు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కూలీకి పోతారు. ఇప్పుడు కంపెనీ ఆ పనిని బ్లాకుకొకరికి గుత్తకి ఇచ్చేస్తానంది. ఈ ఊరి బ్లాకుకి పోటీలో ఉన్నది ఇద్దరే. నీళ్ల ట్యాంకర్లున్న కృష్ణకుమార్ ఒకడు. రెండోది ఈ సంఘం. సంఘం దగ్గర నీళ్లు లేవు, ట్రాక్టర్లు లేవు. ఉన్నదల్లా ప్యానెళ్ల మీద బ్యాటరీతో పాకుతూ దుమ్ము దులిపే ఒక బ్రష్ బండి. మూలన పడ్డ ఆ బండిని తెచ్చి, విప్పి, బాగు చేసింది పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన శిల్పశ్రీ.

పరీక్ష చిన్నదే. సాయంత్రం ఐదున్నర నుంచి రెండు గంటలు, ఆగకుండా, ఒక పొడవాటి ప్యానెళ్ల వరస దులపాలి. ఆగితే బ్లాకు కృష్ణకుమార్‌ది. అతని ట్యాంకర్ల మీద మగవాళ్లే పనిచేస్తారు. అంటే ఒకటో తేదీ నుంచి పన్నెండు ఇళ్లలో ఆడవాళ్లకి పని ఉండదు.

బండికి ప్రాణం ఎనిమిది లిథియం సెల్స్ వరసగా కట్టిన పాతిక కిలోల బ్యాటరీ పెట్టె. నిన్నటి రిహార్సల్‌లో అది ఖాళీ అయింది. సాయంత్రం శిల్ప చార్జర్ తగిలించి, పచ్చ లైటు చూసుకునే ఇంటికి వెళ్లింది. ఇప్పుడు పెట్టె మీది చిన్న స్క్రీన్ పదిహేను శాతం చూపిస్తోంది. రెండు గంటలు నడవాలంటే డెబ్బై కావాలి.

"నిన్న పొద్దు గూకే టయానికి కృష్ణకుమార్ ట్రాక్టరు ఈ షెడ్డు పక్కనే నిలబడిండె. నా కండ్లతో చూసినా," అంది నరసక్క.

శిల్ప చెప్పులు తొడుక్కుంది. ఆమె వెనకే తండ్రి శివన్న కదిలాడు. రాత్రుళ్లు షెడ్డుకి కాపలా పడుకునేది ఆయనే.

కృష్ణకుమార్ రోడ్డు మీది టీ అంగడిలో ఉన్నాడు. చుట్టూ పదిమంది.

"నిన్న మా షెడ్డు కాడ నీకేం పని అన్నా?"

"టైరు పంచరైంది తల్లీ. పంచరేసుకునేదానికి నీ పర్మిషన్ కావాల్నా?"

"మా చార్జర్ కాలిపోయింది."

"దానికి నేనేం చేసేది? నేను నీళ్ల ట్యాంకరోన్ని. నిప్పు నా డిపార్ట్‌మెంట్ కాదు."

అంగడంతా నవ్వింది. శిల్ప నవ్వలేదు. "పోటీలో గెలవలేనోడే చాటుగా తీగలు పీకేది," అంది గట్టిగా.

నవ్వు ఆగిపోయింది. కృష్ణకుమార్ గ్లాసు కింద పెట్టాడు. అతని ముఖం ఎర్రబడింది. "ఆ మాట బరువైందమ్మా. మోయగలవా చూసుకో," అన్నాడు.

శివన్న మాత్రం తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

* * *

చార్జర్ లేకపోతే ఇంకో దారి ఉంది. బెంచ్ పవర్ సప్లై. ల్యాబుల్లో బల్ల మీద పెట్టుకునే డబ్బా. దానికి రెండు మరలుంటాయి. ఒకటి ఎన్ని వోల్టుల దాకా ఎక్కాలో చెబుతుంది, రెండోది ఎంత కరెంటు పారాలో చెబుతుంది. ఆ రెండూ మాట మీద నిలబడేవైతే లిథియం బ్యాటరీని నిక్షేపంగా చార్జ్ చేసుకోవచ్చు. నిలబడకపోతే బ్యాటరీ పోతుంది, ఒక్కోసారి షెడ్డు కూడా పోతుంది.

శిల్ప పావగడలో పాత సామాను కొని అమ్మే గుజిరీ అంగడి నడిపే ఓబక్కకి ఫోన్ చేసింది.

"మూసేసిన ట్రైనింగ్ సెంటర్ ల్యాబు సామాను పోయిన వారమే దిగింది. డబ్బాలు శానా ఉండాయి. వచ్చి ఏరుకో," అంది ఓబక్క.

తండ్రీ కూతుళ్లు మోపెడ్ ఎక్కారు. దారంతా శివన్న నోరు విప్పలేదు. మామూలుగా అయితే ప్రతి బోరు దగ్గరా 'ఈ మోటారు నేను దించిందే' అని చెప్పే మనిషి. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. తర్వాత ముప్పై ఏళ్లు బోరు మోటార్లు బాగు చేశాడు. ఆయనకొక అలవాటుంది. తీగలో కరెంటు వస్తోందో లేదో తెలియాలంటే రెండు కొసలూ కలిపి చిటుక్కుమనిపిస్తాడు. 'టెస్టర్ అబద్ధం చెబుతాది. చిటుకు చెప్పదు' అంటాడు. ట్రాక్టర్ బ్యాటరీలతో ఆ ఆట చెల్లింది. లిథియం పెట్టె ఇంటికొచ్చిన రోజే శిల్ప తండ్రి చేత ఒట్టు వేయించుకుంది. దీని దగ్గర చిటుకు వద్దు.

ఓబక్క కాటా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. సన్నపాటి డబ్బా ఒకటి చేతిలోకి తీసుకుని, ఊపి, వెనక్కి విసిరేసింది. తర్వాత కాలితో ఒక బూడిద రంగు పెట్టెని తట్టింది. అది కదల్లేదు.

"ఇది తీసుకోమ్మా. ఇరవై ఎనిమిది కేజీలు తూగింది."

"బరువు చూసి కొంటారా ఓబక్కా?"

"నాకు సదువు రాదు. కానీ బరువుంటే లోపల రాగి ఉండాదని తెలుసు. రాగి ఉంటే పని చేస్తాది. తేలిగ్గా ఉండేదాన్ని నమ్మొద్దు. మనుషులైనా అంతే."

ప్లగ్గు పెట్టారు. పెట్టె 'హూఁ' అని మూలిగింది. అంకెల తెర లేదు. అద్దం వెనక రెండు ముళ్లున్నాయి. వోల్టుల ముల్లు ముసలమ్మ తలలాగా వణుకుతోంది. శివన్న చెయ్యి నెమ్మదిగా తీగల వైపు జరిగింది.

"నాయనా! చెయ్యి!"

శివన్న రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"పని చేయకుంటే ఎనక్కి తే, రాగి కింద తీసుకుంటా," అని సాగనంపింది ఓబక్క.

* * *

పదకొండున్నరకి షెడ్డు చేరేసరికి లోపల కృష్ణకుమార్ కూర్చుని ఉన్నాడు. అతని ముందు బల్ల మీద నల్లగా, నున్నగా మెరిసిపోతున్న కొత్త డబ్బా. చుట్టూ సంఘం ఆడవాళ్లు, కోడిపిల్లల మధ్య పిల్లి కూర్చుంటే చూసినట్టు చూస్తున్నారు.

"ఇదిగో, పవర్ సప్లై. నిన్ననే పార్సిల్లో వచ్చింది. వాడుకో," అన్నాడు అతను.

"ఎందుకు?"

"పొద్దున పదిమందిలో నన్ను దొంగని చేసినావు. నువ్వు ఓడిపోతే ఆ పేరు నాకు జన్మంతా ఉంటాది. నువ్వు చార్జింగ్ పెట్టుకో, బండి నడుపు, ఆ తర్వాత ఓడిపో. నాకు అభ్యంతరం లేదు."

నరసక్క శిల్ప చెవిలో గొణిగింది. "పగోడు పోసిన మజ్జిగ తాగొద్దే పిల్లా."

"వినబడింది నరసక్కా," అన్నాడు కృష్ణకుమార్.

"వినబడాలనే చెప్పినా."

శిల్ప రెండు డబ్బాలనీ పక్కపక్కన పెట్టింది. ఒకటి పావు వంతు బరువు కూడా లేదు, కానీ వేలెడు ఎత్తు అంకెలతో వెలిగిపోతోంది. రెండోది దుమ్ము, తుప్పు, వణికే ముల్లు. కొత్తదాని మీద ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది వోల్టులు పెట్టింది. తన మల్టీమీటర్‌తో కొలిచింది. సరిగ్గా ఇరవై ఎనిమిది పాయింట్ ఎనిమిది. కరెంటు మర తిప్పితే తెర మీద పన్నెండు ఆంపియర్లు పడింది. ముసలిదాని ముల్లు మాత్రం అర వోల్టు అటూ ఇటూ ఊగుతోంది. లిథియంకి అర వోల్టంటే మాటలు కాదు.

గడియారం పన్నెండు కావస్తోంది. ఇచ్చినవాడి మీద అనుమానం ఉంది. కానీ మీటర్ అబద్ధం చెప్పదు కదా.

"కొత్తదే," అంది శిల్ప. క్లిప్పులు చేతిలోకి తీసుకుని బ్యాటరీ పెట్టె వైపు వంగింది.

"ఒక్క నిమిషం పాపా."

ఎవరూ ఆపేలోగా శివన్న ఆ క్లిప్పులు రెండూ లాక్కుని, ఒకదానికొకటి తగిలించేశాడు.

చిటుక్!

కొత్త డబ్బా తెర ఆరిపోయింది. వెలిగింది. మళ్లీ ఆరిపోయింది. లోపల టక్, టక్, టక్ అని వెక్కిళ్లు పెట్టింది. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. నాలుగో వెక్కిలికి తెర శాశ్వతంగా నల్లబడింది.

"నాయనా! ఒట్టు పెట్టినావు కదా!"

శివన్న వినలేదు. బూడిద రంగు పెట్టె దగ్గరికి నడిచాడు. దాని కరెంటు మరని నడిమికి తిప్పి, దాని తీగలు కూడా కలిపి పట్టుకున్నాడు. శిల్ప కళ్లు మూసుకుంది.

చప్పుడు లేదు. పెట్టె 'హూఁ' అని ఇంకొంచెం గట్టిగా మూలిగింది, అంతే. శిల్ప కళ్లు తెరిచింది. కరెంటు ముల్లు లేచి పన్నెండు దగ్గర నిలబడి ఉంది. వణకడం లేదు. మేకు కొట్టినట్టు నిలబడింది.

పాలిటెక్నిక్‌లో మొదటి రోజు నేర్పిన పాఠం, రెండు తీగలూ కలపకూడదని. ఆ పాఠం బ్యాటరీకి. కరెంటు పరిమితి నిజంగా ఉన్న సప్లైకి తీగలు కలిపితే ఏమీ కాదు, పెట్టిన అంకె దగ్గర ఆగిపోతుంది. ఆ మర నిజమైనదో కాదో తెలుసుకోవడానికి అంతకన్నా సూటి పరీక్ష లేదు. కొత్త డబ్బాలో కరెంటు మర ఉత్త అలంకారం. తెర మీద అంకె మారుతుంది, లోపల ఏమీ మారదు. ఆకలి మీదున్న బ్యాటరీ తగిలి ఉంటే ఇలాగే వెక్కిళ్లు పెట్టి, సాయంత్రం దాకా ఒక్క చుక్క కూడా ఎక్కేది కాదు.

"చూసినారా! కావాలనే తెచ్చినాడు!" నరసక్క గొంతు పెంకుల కప్పుకి తగిలింది. "నిన్న చార్జర్ కాల్చినాడు, ఈ పొద్దు ఇది అంటగట్టినాడు!"

పన్నెండు మంది కృష్ణకుమార్‌ని చుట్టుముట్టారు. ఒకామె చేతిలో బ్రష్ బండి పిడి ఉంది.

"అక్కా, నా మాట... నేనే మోసపోయినా అక్కా! నా కోసం తెప్పించుకున్నా! ట్యాంకర్లు ఎన్నాళ్లు నడుస్తాయి? నేనూ బ్యాటరీ బండి చేద్దామని..." అతను గోడకి ఆనుకుపోయాడు.

"అబద్ధాలు!"

"అబద్ధం కాదు," అన్నాడు శివన్న.

అందరూ తిరిగారు. ఆయన ఇంకా రెండు తీగలూ పట్టుకునే ఉన్నాడు.

"చార్జర్ కాల్చింది అతను కాదు. నేను."

పిడి పట్టుకున్నామె దాన్ని కింద పెట్టింది.

"నిన్న నువ్వు పోయినాక, ఆ చార్జర్ సప్పుడు చేయకుండా కూర్చోనుండె. కరెంటు ఎక్కుతాండాదో లేదో అని నాకు గుబులు. తీగలు ఊడబీకి ఒక్కసారి చిటుక్కుమనిపించినా. టప్పుమన్యాది. పొద్దున చెప్దామనుకున్నా. నువ్వు టీ అంగడి దావ పట్టినావు. అంతమందిలో నోరు రాలేదు పాపా."

శిల్ప తండ్రి వైపు చూసింది. కోపం వచ్చింది. అదే చేత్తో ఇప్పుడు ఆయన బండిని కాపాడాడన్న సంగతీ దాంతోపాటే వచ్చింది. 

కృష్ణకుమార్ వైపు తిరిగింది. "అన్నా, పొద్దున నేనన్న మాట..."

"ఈడ వద్దు." అతను చొక్కా సరిచేసుకున్నాడు. "టీ అంగడిలో అన్నావు. టీ అంగడిలోనే చెప్పాల."

"చెప్తా."

"ముందు చార్జింగ్ పెట్టు. పన్నెండైంది."

* * *

శిల్ప క్లిప్పులు తీసుకుంది. శివన్న గొంతు సవరించుకున్నాడు.

"మళ్లీ ఏంది నాయనా?"

"కరెంటు పోతే?"

"పోతే ఆగుతుంది. వస్తే ఎక్కుతుంది."

"బోరు మోటారు ఆగితే పైపులో నీళ్లు ఎనక్కి పడకుండా అడుగున వాల్వు పెడతాం. దీనికి వాల్వు యాడ ఉండాది?"

శిల్ప చెయ్యి గాల్లోనే ఆగింది. కరెంటు పోతే బ్యాటరీలో ఎక్కించిందంతా ఆ ముసలి పెట్టెలోకి వెనక్కి పారుతుంది. పెట్టె పాడవుతుంది. ఉదయం నుంచీ వోల్టులు, ఆంపియర్లు అని పరుగెత్తిందే తప్ప ఆ మాటే ఆలోచించలేదు.

"డయోడ్ కావాలి. ఒకే వైపు పారనిచ్చేది. పగిలిన ప్యానెల్ వెనక పెట్టెలో ఉంటుంది, కానీ ఇప్పుడెక్కడ..."

"నా ట్రాలీలో," అన్నాడు కృష్ణకుమార్. "పగిలిన ప్యానెళ్లు మోసే కాంట్రాక్టు నాదే కదమ్మా."

అతను పరుగున పోయి ప్యానెల్ తెచ్చాడు. శిల్ప దాని వెనక పెట్టె విప్పి డయోడ్ పీకింది. విరిగిన అల్యూమినియం ఫ్రేము ముక్కకి దాన్ని బిగించింది. డయోడ్ అర వోల్టు మింగుతుంది కాబట్టి సప్లై మీద ఆ అర వోల్టు కలిపింది. ముల్లు వణుకుతుంది, నమ్మలేం. అందుకే తన మల్టీమీటర్‌ని నేరుగా బ్యాటరీ కొనల మీదే పెట్టింది.

పన్నెండుంపావుకి ముల్లు పన్నెండు దగ్గర నిలబడింది. స్క్రీన్ మీద పదహారు, పదిహేడు, పద్దెనిమిది.

రెండు దాటి పది నిమిషాలకి ముసలి పెట్టె మూలుగు ఆగిపోయింది.

కరెంటు పోయింది.

అందరూ డయోడ్ వైపు చూశారు. శిల్ప మీటర్‌ని డయోడ్ తీగ మధ్యలో పెట్టి చూసింది. వెనక్కి సున్నా. ఒక్క చుక్క కూడా పారలేదు. శివన్న మీసం సవరించుకున్నాడు.

"ఇన్ని వేల ఎకరాల్లో కరెంటు పండిస్తాండారు. మన స్విచ్చులో మాత్రం లేదు," అన్నాడు కృష్ణకుమార్.

"పాలమ్మేవాళ్ల ఇంట్లో పిల్లి కూడా మజ్జిగే తాగేది," అంది నరసక్క. చెంబులో మజ్జిగ అతనికే మొదట ఇచ్చింది. "తాగు. విషం లేదు."

రెండు గంటల యాభై నిమిషాలకి కరెంటు వచ్చింది. అప్పటికి ముప్పై ఎనిమిది శాతం. శిల్ప నోట్లోనే లెక్క కట్టింది. ఇదే వేగంతో పోతే ఐదుంపావుకి అరవై ఏడు. మూడు శాతం తక్కువ. పద్నాలుగు ఆంపియర్లకి పెంచితే సరిపోతుంది, కానీ డయోడ్ పన్నెండుకే ముట్టుకోలేనంత కాగింది.

"చల్లగా ఉంచితే ఓర్చుకుంటుంది," అంది. "నీళ్లు కావాలి."

కృష్ణకుమార్ మెల్లగా లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. "నీళ్లు," అన్నాడు, "నా డిపార్ట్‌మెంట్."

ఆ మధ్యాహ్నమంతా అతను ట్యాంకర్ నుంచి నీళ్లు పట్టి తెస్తూనే ఉన్నాడు. ఫ్రేము ముక్క అవతలి కొసకి చుట్టిన గోనెపట్ట ఆరినప్పుడల్లా తడిపాడు. తన పోటీదారు డయోడ్‌కి అంత శ్రద్ధగా స్నానం చేయించినవాడు తాలూకాలో మరొకడు ఉండడు. ముల్లు పద్నాలుగు దగ్గర నిలబడింది.

ఐదుంపావుకి స్క్రీన్ మీద డెబ్బై రెండు.

* * *

ఐదున్నరకి కంపెనీ సైట్ ఇంజనీర్ రూప మేడమ్ జీపు దిగి ఫోన్‌లో టైమర్ నొక్కింది. బ్రష్ బండి ప్యానెళ్ల అంచు పట్టుకుని కదిలింది. వెనక దుమ్ము లేచింది, దాని వెనక నీలం బయటపడింది.

మొదటి గంట సాఫీగా గడిచింది. రెండో గంటలో నరసక్కకి తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయాయి. శివన్న బండి పక్కనే, మందని తోలుకుపోతున్నట్టు, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. ఇవి ఆయన గొర్రెలు కాసిన బీళ్లే. అందరికంటే వెనక కృష్ణకుమార్ ఉన్నాడు. ఎవరి గెలుపు కోరుకోవాలో తేల్చుకోలేక గోళ్లు కొరుకుతున్నాడు.

వరస చివర ఇంకా ఇరవై ప్యానెళ్లు ఉన్నాయనగా బండి పీప్ పీప్ మంది. పది శాతం.

"అది ఆగుతుందా?" రూప మేడమ్ కన్నడంలో అడిగింది.

"ఆగదు మేడమ్," అంది శిల్ప. ఆమె కళ్లు మాత్రం స్క్రీన్ మీదే ఉన్నాయి.

ఎనిమిది. ఏడు. చివరి ప్యానెల్ మీద బ్రష్ ఒకసారి తూలి, దాటి, అంచు దగ్గరున్న ఇనుప స్టాండు ఎక్కి ఆగింది. స్క్రీన్ మీద ఐదు. టైమర్ మీద రెండు గంటల ఒక నిమిషం.

రూప మేడమ్ చివరి ప్యానెల్ మీద వేలు రాసి, ఫోన్ లైటులో చూసుకుంది. వేలు శుభ్రంగా ఉంది.

"ఒందనే తారీఖినింద బన్ని," అంది.

"ఒకటో తేదీ నుంచి! ఇన్యారా, ఒకటో తేదీ నుంచి!" నరసక్క అరుపుకి దూరంగా ఎవరివో గొర్రెలు బెదిరి అరిచాయి.

* * *

మర్నాడు ఉదయం టీ అంగడిలో శిల్ప అందరి ముందు నిలబడి చెప్పింది. "నిన్న కృష్ణకుమార్ అన్నని నేనన్న మాట తప్పు. చార్జర్ కాలింది మా ఇంటోళ్ల చేత్తోనే. అన్న సాయం లేకపోతే బండి కదిలేది కాదు."

"ఇంకోసారి చెప్పు. ఆ మూలన కూర్చున్నోళ్లకి వినబడలేదు," అన్నాడు కృష్ణకుమార్. శిల్ప మళ్లీ చెప్పింది. అతను ఆమెకి టీ ఇప్పించాడు. తనూ ఒక గుక్క తాగి, పక్కనున్న శివన్న వైపు వంగాడు.

"శివన్న మామా, పక్క బ్లాకుకి నేనూ బ్యాటరీ బండే దించుతా. మంచి సప్లై ఒకటి కావాల. ఓబక్క అంగడికి నాతోపాటు వస్తావా? కొనేముందు ఒకసారి చిటుక్కుమనిపించి చూడప్పా."

శివన్న కూతురి వైపు చూశాడు.

శిల్ప గ్లాసు కింద పెట్టింది. "సప్లై మీద ఎన్నిసార్లైనా. బ్యాటరీకి మాత్రం పది అడుగుల దూరం."

"ఎనిమిది," అన్నాడు శివన్న.

"పది."

"సరే పాపా, పది," అని లేచి, ఆయన కృష్ణకుమార్ ట్రాక్టరు ఎక్కాడు.